డప్పుకు పరీక్ష పెట్టేదెవరు?

సావుకు డప్పు కావాలె, బోనానికి కావాలె, సాటింపుకు కావాలె. అప్పుడు మనకెవ్వరూ పరీక్ష పెట్టలే. వెట్టికి ఎంపికలుండవు గదా! ధూంధాంలకు కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల డప్పులు పోయినయ్. 2014లో రాష్ట్రమొచ్చినంక సాంస్కృతిక సారథి పెట్టి సుమారు 550 మంది కళాకారులకు కొలువులిచ్చిన్రు. మంచిదే. బయట మిగిలినోళ్లు ఎందరో. ఇప్పుడు పెండ్లి బ్యాండోళ్లు సుత 'సినిమా పాట వస్తదా?' అని అడిగి, రాదంటే పొమ్మంటున్నరు. మేకతోలును మంటకు కాకబెట్టి చెవితోటే శ్రుతి పట్టే విద్య, చిర్రకూ చిటికెన పుల్లకూ నడుమ పుట్టే దరువు కుర్చీల కూసున్నోనికేం ఎరుక? ఎంపిక కమిటీలలో డప్పు కొట్టే చేతులుండాలి. వద్దన్నోనికి ఎందుకు వద్దన్నరో కాగితం మీద రాసియ్యాలి. వాడకట్టులల్ల కూసోని, ఎవరిని ఎన్నిసార్లు తిప్పి పంపిన్రో పేర్లు రాయుండ్రి. ఆ జాబితాతో కలెక్టరాఫీసులకు డప్పులు కొట్టుకుంటనే పోదాం.