పేటలోని కాఫీహోటలు: త్రాగువారి మాటలు

మా పేటలో వీధి మలుపున నొక కాఫీహోటలు కలదు. నాలుగు బల్లలు, పదునాఱు కుర్చీలు, గుమ్మమునకు వెలుపల నొక పొడుగుపాటి బెంచి, వెనుక నొక చీకటి గది: ఇంతే దాని సంపద. తెల్లవాఱుజామున నైదింటికి వెలిగిన పొయ్యి రాత్రి తొమ్మిదింటికిగాని యాఱదు. దాని పేరు వ్రాయము. వ్రాసినచో నిది ప్రకటనయో పగయో యని యనుమానించువా రుందురు. ఆ హోటలును గూర్చి పేటవారేమనుకొనుచున్నారో తెలిసికొనవలెనని గడచిన మాసమున మాకు బుద్ధి పుట్టినది. కనబడినవారి నెల్ల నొక్కటే ప్రశ్న యడిగితిమి: “ఆ కాఫీ యెట్లున్నది?”

పురుషులు ప్రశ్న ముగియకమునుపే బదులు చెప్పిరి. పింఛను పుచ్చుకొనుచున్న యొక ఉపాధ్యాయుడు, వెనుకటి యజమాని నాటి కాఫీలో పదియవ వంతు రుచియైన నిప్పుడు లేదనెను; అయినను ముప్పది యేండ్లుగా నొక పూటయైన మానినట్లు మే మెఱుగము. ఆటో నడుపు నతడు చక్కెర చాలదనెను. చక్కెరవ్యాధి గల పొరుగాయన చక్కెర లేకుండ నిమ్మన్నను వేసి యిత్తురని కోపించెను. కళాశాల కుఱ్ఱవాండ్రు గోడకున్న ఫ్యానును గూర్చి తప్ప కాఫీని గూర్చి యేమియు ననలేదు. ఒకరికి పాలు పలుచన. ఒకరికి డికాక్షను పలుచన. ఒకరికి గ్లాసు చిన్నది. 20 రూపాయలు హెచ్చని యందఱును నొప్పుకొనిరి. పత్రిక చదువుచు రెండు గంటలు కూర్చున్నను లెమ్మనరని యందఱును మెచ్చుకొనిరి. ఈ రెండవ మాట మాకు బాగుగ జ్ఞాపకమున్నది. ఏలయనగా, తరువాత మే మడిగిన స్త్రీలలో నొక్కరును నీ మాట చెప్పలేదు.

పురుషుల తగవులలో నొకటి మాత్రము మన కుపయోగించునది. కాఫీ చిక్కగ నుండిన మంచిదని కొందఱు, ఆ చిక్కదనము చికోరీ మాయ యని కొందఱు వాదించిరి. చికోరీ యనునది కాఫీగింజ కాదు, ఒక మొక్క వేరు. దానిని వేయించి పొడిచేసి కలిపినచో డికాక్షను నల్లగను జిగురుగను దిగును, చేదును హెచ్చును. కాఫీ పరిమళముగాని కెఫీనుగాని దానియం దుండదు. ఆరోగ్యమునకు హాని యని కాదు గాని, కాఫీ ధర యిచ్చి వేరు కొనుట యేమి న్యాయము? చికోరీ కలిపిన పొడిలో కాఫీ నూటికి 51 పాళ్ళకు తగ్గరాదని మన దేశపు ఆహార నిబంధన యున్నది. ఏది యెంత పాలో పొట్లముపై నచ్చు వేయవలెను. ఇంటికి పొడి తెచ్చుకొనునప్పుడు దానిని చదువుకొనవచ్చును. హోటలువాని గిన్నెపై నేమి వ్రాసియుండును?

కాఫీ త్రాగుచోట నోరు విప్పుట మన పేటవారు కనిపెట్టిన విద్య కాదు. ఇంగ్లండులో రెండవ చార్లెసు రాజు, కాఫీశాలలలో కూర్చుండి జనులు ప్రభుత్వమును దూషించుచున్నారని వానినన్నింటిని మూసివేయుడని 1675 డిసెంబరు 29వ తేదీని ప్రకటన చేసెను. అంతట గగ్గోలు పుట్టినందున పదునైదు దినములైన గాకమునుపే, 1676 జనవరి 8వ తేదీని, దానిని రద్దుచేసికొనెను. అంతకుముందు 1674లో, మగవాండ్రు కాఫీశాలలు పట్టుకొని యిల్లు మఱచుచున్నారని స్త్రీల పేరిట నొక విన్నపపత్రము లండనులో నచ్చుపడినది. పేరు స్త్రీలది, వ్రాసినవారు స్త్రీలేయని నమ్ముటకు మాత్ర మాధారము లేదు. మగవాండ్రే హాస్యమునకు వ్రాసిరని తలచువారు పలువురు. స్త్రీల యభిప్రాయమునుకూడ స్త్రీలనడుగకయే తయారుచేయు నేర్పు ప్రపంచమున బహుకాలముగ నున్నదన్నమాట.

ఇక మేము స్త్రీలనడిగి తెచ్చిన మాటలు చెప్పెదము. మా యెదురింటి యిల్లాలు ఆ పేటకు కాపురము వచ్చి పదునొకండేండ్లయినది. “ఆ కాఫీ నాకు ఫ్లాస్కులోనిదే తెలియును వదినా, గ్లాసులోనిది తెలియదు” అనెను. ఇంట గ్యాసు అయిపోయిననాడును, చుట్టములు హఠాత్తుగా దిగిననాడును కుఱ్ఱవానిచే తెప్పించును. వచ్చిన కాఫీ చుట్టములకు చాలును. తనకు మిగిలినది చల్లారియుండును. బ్యాంకులో నుద్యోగము చేయు మఱియొకామె బస్సుకొఱకు దినమును ఆ హోటలు నెదుటనే యిరువది నిమిషములు నిలుచుండును. వాసన వచ్చును, కాళ్ళు నొచ్చును, బెంచి కనబడును. “ఒక్కదానిని పోయి కూర్చున్న నేమనుకొందురో!” అనెను. ఎవ రనుకొందురని మే మడిగితిమి. కొంత యాలోచించి, “ఎవరో తెలియదు” అనెను. వృద్ధురాలైన యొకామె మాత్రము, “హోటలు కాఫీ యెందుకు? ఇంట పెట్టుకొనలేని దద్దమ్మలకు” అని తీసివేసెను. ఆమె కాఫీ మెచ్చదగినదే. కాని యెనుబదియేండ్ల వయస్సున నామెకు కాఫీ పెట్టి యిచ్చువా రెవరును లేరు.

తెల్లవాఱుజామున వీధు లూడ్చు పారిశుద్ధ్యపు పనివాండ్రలో నలుగురు స్త్రీలు. ఆ హోటలులో మొట్టమొదటి కాఫీ కొనునది వారే. వారి నడుగగా రుచిని గూర్చి యేమియు చెప్పలేదు. “లోపలివారికి స్టీలుగ్లాసు, మాకు కాగితపు కప్పు” అని మాత్రమే యొకతె యనెను. ఇంకొకతె దానిని కప్పిపుచ్చుచు, “మాకును తొందర యమ్మా, అందుకే” అనెను. మేము మఱునాడు తెల్లవాఱుజామున పోయి చూచితిమి. తొందరగా పోవలసిన పాలవాడు, పేపర్లవాడు స్టీలుగ్లాసులోనే త్రాగిరి.

మన పల్లెలలోని హోటళ్ళలో నొకరికొక గ్లాసు, వేఱొకరికి వేఱొక గ్లాసు పెట్టెడు దురాచారము చదువరు లెఱుగనిది కాదు. మదరాసులో హోటళ్ళ పేళ్ళనుండి బ్రాహ్మణ శబ్దమును తీసివేయవలెనని 1957లో పెద్ద యాందోళన జరిగినది. 1950 జనవరి 26వ తేదీనుండి అమలులోనున్న మన రాజ్యాంగములో 15వ యధికరణము రెండవ భాగము, అంగళ్ళలోను హోటళ్ళలోను ప్రవేశించుటకు మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము కారణముగ నెవరికిని అడ్డు పెట్టరాదని స్పష్టముగ చెప్పుచున్నది. కులమును లింగమును నొకే వాక్యములో నున్నవి. బల్ల వేసినవాడు దానిని చదివియుండకపోవచ్చును. బెంచి చూచి వెనుదీయు మనము చదివి మఱచితిమేమో!

కాగితపు కప్పు శుచియని కొందఱు సోదరీమణు లనుకొనుచున్నారు. దానిలోపల ప్లాస్టిక్ పొర పూసియుండును. ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.వారు 2020లో పరీక్షించి, అట్టి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడినీరు 15 నిమిషము లుండినచో సుమారు 25,000 సూక్ష్మమైన ప్లాస్టిక్ రేణువులు నీటిలోనికి దిగుచున్నవని ప్రకటించిరి. పలుచని సంచిలో మూటగట్టి యింటికి తెచ్చెడు వేడి కాఫీని మేమైతే ముట్టము. ఫ్లాస్కో స్టీలుచెంబో పంపుట మేలు.

హోటలు యజమాని మంచివాడే. మా మాటలన్నియు విని, “ఆడవారు కూర్చుండుటకు వెనుక గది యున్నదమ్మా, తెర కూడ వేయించితిని” అనెను. చూడబోతిమి. తెర నిజమే. తెరవెనుక బియ్యపుబస్తాలు, ఖాళీ నూనెడబ్బాలు, ఒక విఱిగిన కుర్చీ. గాలి లేదు. ఆ గదినే బాగుచేయించిన చాలునని, పదుగురి చూపులు పడనిచోట నెమ్మదిగా త్రాగుదుమని మే మడిగినవారిలో కొంద ఱనిరి. వారి మాట తీసివేయరానిది. పనిచేసి యలసినవారికి చాటు కూడ విశ్రాంతియే. కాని మా యభిప్రాయము వేఱు. చాటుగది యున్నంతకాలము ముందు బెంచి మనది కాదు. రేపు బెంచిమీద కూర్చున్న స్త్రీని “లోపలికి దయచేయుడు” అని మర్యాదగా లేపుదురు.

యజమాని భార్య యక్కడనే తొట్టివద్ద గ్లాసులు కడుగుచుండెను. స్టీలుగ్లాసు లందఱి కిమ్మని మేము వాదించుచుండగా నామె తలయెత్తి, “అందఱికి గ్లాసులైన కడుగువా రెవరు?” అని యడిగెను. మేము దీని నాలోచింపలేదు. ఉదయమునుండి యామె చేతులు నీటిలోనే యున్నవి. వ్రేళ్ళ సందులు పాసియున్నవి. కడుగుటకు మనిషిని పెట్టుమని యామె రెండేండ్లుగా నడుగుచున్నదట. మీ కాఫీ యెట్లున్నదని యామెను గూడ నడిగితిమి. “వాసనకే కడుపు నిండును. నేను టీ త్రాగుదును” అని నవ్వెను.

ఇదంతయు నట్లుండ, గడచిన శనివారము నాలుగు గంటలకు ఎదురింటి యిల్లాలు, బ్యాంకు ఉద్యోగిని, మేము కలిసి పోయి బయటి బెంచిమీద కూర్చుంటిమి. (సమయము కావలెననియే నాలుగు గంటలుగ పెట్టుకొంటిమి. భోజనమునకు గంటముందును గంటతరువాతను కాఫీ టీలు త్రాగవలదని, త్రాగినచో నాహారములోని యినుము వంటబట్టదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో హెచ్చరించియున్నారు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన దేశపు స్త్రీలలో నూటికి 57గురు రక్తహీనతతో నున్నట్లు తేలినది. ఫలహారముతోడనే కాఫీ త్రాగెడువారు దీనిని గమనింపవలెను.) బెంచిమీదనున్న యిరువురు పురుషులు కొంచెము జరిగిరి. ఒకరు పత్రిక మడిచి పెట్టిరి. అంతకుమించి యేమియు జరుగలేదు.

కాఫీ వచ్చినది. ఎదురింటి యిల్లాలు ఒక గ్రుక్క త్రాగి, గ్లాసు దించి, యజమానిని పిలిచెను. “పొడిమీద రెండవమాఱు నీళ్ళు పోసితిరా?” అని యడిగెను. ఆయన తెల్లబోయెను. “మొదటి డికాక్షను ఉదయమే యయిపోయినది. ఇది రెండవది, ఆ నలుపు చికోరీది. పాలు మూడుమాఱులు కాగినవి, మీగడవాసన వచ్చుచున్నది” అని యామె వరుసగా చెప్పెను. ముప్పది యేండ్ల ఖాతా గల ఉపాధ్యాయుడు ప్రక్కనుండి, “నే ననలేదా?” అనెను, ఆయన యన్నది వేఱు.

పొడి మార్చెదనని, మధ్యాహ్నము మూడింటికి క్రొత్తగా డికాక్షను దింపించెదనని యజమాని యొప్పుకొనెను. కాగితపు కప్పులు మానుట, గ్లాసులు కడుగుటకు మనిషిని పెట్టుట యిప్పు డప్పుడనుచున్నాడు. ధర 22 రూపాయలు చేయవలసివచ్చునని సణిగినాడు. ఊడ్చు స్త్రీలకు ముందుగా స్టీలుగ్లాసు లిచ్చినచో హెచ్చు రెండు రూపాయలిచ్చుటకు మా కభ్యంతరము లేదంటిమి. చదువరులు తమ పేటలోని కాఫీహోటలులో ముందు బెంచిమీద కూర్చుండి త్రాగి, అక్కడి సంగతులు మాకు వ్రాసినచో నీ శీర్షికక్రింద ప్రకటింతుము. హోటలు పేరు వ్రాయ నక్కఱలేదు.