ఆ ఎలుకలు దొంగలేనా?

తెలుగు వాచకంలో ఏ కథ చదివినా చివర ఒక ప్రశ్న ఎదురవుతుంది: "ఈ కథలోని నీతి ఏమిటి?" మీరూ ఎన్నోసార్లు జవాబు రాసే ఉంటారు. దొంగతనం చేయరాదు. అబద్ధమాడరాదు. ఆపదలో ఉన్నవారిని ఆదుకోవాలి. ఒక వాక్యం రాస్తాం, రెండు మార్కులు పడతాయి, కథ అక్కడితో ముగిసిపోతుంది.

అలా ఒక్క వాక్యంతో సరిపెట్టుకుంటే కథను సగమే చదివినట్లని నా అభిప్రాయం. ఒక పాత్ర చేసిన పని మంచిదా, చెడ్డదా అని తేల్చేముందు మనం రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ పని ఎందుకు చేసింది? చేసే సమయానికి దానికి ఏమేమి తెలుసు? కథల గొడవ విజ్ఞాన పత్రికలో ఎందుకని మీరడగవచ్చు. ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకడానికి కావలసిన అలవాట్లు, ప్రయోగశాలలో కావలసిన అలవాట్లు ఒకటే. అది ఎలాగో చూద్దాం.

ఆమధ్య ఒక ఉన్నత పాఠశాలకు వెళ్ళినప్పుడు, తొమ్మిదో తరగతి పిల్లలు ఒక నవలను గురించి వాదించుకుంటుంటే వెనక బెంచీలో కూర్చుని విన్నాను. మాస్టారు ఆ నవలను వారం రోజులపాటు చివరి పీరియడులో తెలుగులో చెప్పారట. దాని పేరు 'మిసెస్ ఫ్రిస్బీ అండ్ ది రాట్స్ ఆఫ్ నిమ్'. రాబర్ట్ సి. ఓబ్రియన్ అనే కలం పేరుతో రాబర్ట్ లెస్లీ కాన్లీ అనే అమెరికా పత్రికా రచయిత రాశాడు. 1971లో వెలువడింది. మరుసటి ఏడు పిల్లల పుస్తకాలకు అమెరికాలో ఇచ్చే న్యూబెరీ పతకం పొందింది.

కథ ఇది

మిసెస్ ఫ్రిస్బీ ఒక చిట్టెలుక. భర్త లేడు, నలుగురు పిల్లలు. ఒక రైతు తోటలో పడి ఉన్న సిమెంటు ఇటుకలో కాపురం. వసంతం రాగానే రైతు అక్కడ దున్నుతాడు కనుక ఇల్లు మారాలి. కాని చిన్న కొడుకు తిమోతీకి న్యుమోనియా వచ్చింది. చలిలో బయటికి తీసుకువెళితే బతకడు. ఏమి చేయాలో తోచక ఆమె గుడ్లగూబను సలహా అడుగుతుంది. గులాబి పొద కింద ఉండే ఎలుకల దగ్గరకు వెళ్ళమంటుంది గుడ్లగూబ.

అవి మామూలు ఎలుకలు కావు. 'నిమ్' అనే ప్రయోగశాలలో డాక్టర్ షుల్ట్జ్ అనే శాస్త్రజ్ఞుడు వాటికి సూదిమందులిచ్చాడు. ఆ మందుతో వాటి తెలివి పెరిగింది, ఆయుష్షు పెరిగింది, చదవడం వచ్చింది. బోనుల తలుపులు తీసే విధానం చదివి తెలుసుకుని, గాలి గొట్టాలగుండా తప్పించుకున్నాయి. ఇప్పుడు రైతు తీగలనుంచి కరెంటు లాక్కుని, దీపాలు వెలిగించుకుని, ఆయన ధాన్యం తింటూ నేల కింద ఊరు కట్టుకున్నాయి.

'నిమ్' అన్న పేరు ఎక్కడినుంచి వచ్చింది? అమెరికాలో 1949లో ఏర్పడిన జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పేరులోని తొలి అక్షరాలు కలిపితే ఇంగ్లీషులో అదే మాట వస్తుంది. జాన్ కాల్హూన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ సంస్థలో ఎలుకలమీద నిజంగానే ప్రయోగాలు చేశాడు. ఇరుకు చోటులో ఎలుకల సంఖ్య పెరిగిపోతే వాటి ప్రవర్తన ఎలా మారుతుందో 1962లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో వివరించాడు. చదువు నేర్పే సూదిమందు మాత్రం నవలా రచయిత కల్పన.

ముందు ఏది, వెనక ఏది?

చర్చ ఒక కాకితో మొదలయింది. కథ ఆరంభంలో దారం చిక్కుకుని ఎగరలేకపోతున్న జెరెమీ అనే కాకిని ఫ్రిస్బీ విడిపిస్తుంది. తరవాత ఆ కాకే ఆమెను వీపుమీద ఎక్కించుకుని గుడ్లగూబ దగ్గరకు తీసుకువెళుతుంది.

"ఆమె స్వార్థంతోనే విడిపించింది సార్! కాకి ఉపయోగపడింది కదా!" అన్నాడొక అబ్బాయి.

ముందు వరుసలోని అమ్మాయి వెంటనే లేచింది. "దారం కొరికేటప్పటికి గుడ్లగూబ దగ్గరకు వెళ్ళాలని ఆమె అనుకోనేలేదు. పైగా పిల్లి వస్తున్నది. పారిపోకుండా ఆగింది."

అబ్బాయి ఒక నిమిషం ఆలోచించి, "అవును, అది తరవాత సంగతి" అని కూర్చున్నాడు.

ఇక్కడ జరిగినదేమిటో గమనించారా? తరవాత కలిగిన లాభాన్ని ముందటి ఉద్దేశంగా ఆ అబ్బాయి పొరబడ్డాడు. కారణం ఎప్పుడూ కార్యానికి ముందుండాలి. ఇది విజ్ఞానశాస్త్రంలో మొదటి పాఠం, మనుషులను అర్థం చేసుకోవడంలోనూ అదే మొదటి పాఠం. "వాడు బాగుపడ్డాడు కనుక అందుకే చేసి ఉంటాడు" అని మనం రోజూ ఎంతమందిమీద తీర్పు చెప్పేస్తున్నామో! ఆ అబ్బాయి సాక్ష్యం చూసి తన మాట మార్చుకున్నాడు. దాన్ని ఓటమి అనుకోకండి. ఆ రోజు నాకు బాగా నచ్చిన విషయాలలో అదొకటి.

డాక్టరుగారు క్రూరుడా?

తరవాత షుల్ట్జ్ వంతు వచ్చింది. "క్రూరుడు" అని తరగతిలో సగంమంది అరిచారు. మాస్టారు బల్లమీద రెండు గళ్ళు గీశారు. ఒకదానిమీద 'చూసినది', రెండోదానిమీద 'అనుకున్నది' అని రాశారు. "క్రూరుడు అన్న మాట ఏ గడిలో రాయాలి?" అని అడిగారు.

పిల్లలు ఆలోచనలో పడ్డారు. చూసినవి ఏవి? ఎలుకలను బోనుల్లో పెట్టాడు. సూదులు పొడిచాడు. దారి తప్పితే షాకు కొట్టే చిక్కుదారుల్లో నడిపించాడు. అలాగే వేళకు తిండి పెట్టాడు, మందు ఇవ్వని ఎలుకల గుంపును కూడా ఉంచి న్యాయంగా పోల్చి చూశాడు. ఇవి మొదటి గడిలోకి వెళ్ళాయి. క్రూరత్వం రెండో గడిలోకి వెళ్ళింది. ఆ ఎలుకలు మనుషుల్లాగా చదివి అర్థం చేసుకోగలవని ఆయనకు తెలియదని ఒకరు గుర్తు చేశారు. అవి ఆ సంగతిని దాచిపెట్టాయి.

"తెలియకపోతే తప్పు లేదా సార్?" అని ఒక అబ్బాయి అడిగాడు. "తెలుసుకోవలసిన పని ఆయనదే కదా! అవి ఏమి నేర్చుకుంటున్నాయో చూడడానికే కదా ప్రయోగం!"

ఇది చిన్న ప్రశ్న కాదు. పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు కూడా తమను తాము ఇదే అడుగుకున్నారు. ఇంగ్లండులో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు 1959లో జంతు ప్రయోగాలకు మూడు సూత్రాలు చెప్పారు. జంతువు లేకుండా పని జరిగే మార్గముంటే అది పట్టాలి. జంతువు తప్పనిసరి అయితే వీలైనంత తక్కువ సంఖ్యతో సరిపెట్టుకోవాలి. వాటికి కలిగే బాధను తగ్గించాలి. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కూడా ప్రయోగాలను పూర్తిగా నిషేధించలేదు కాని, జాగ్రత్తతో, దయతో చేయాలని నియమం పెట్టింది. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన చేసే పద్ధతిని ప్రశ్నించకుండా వదలరాదని ఈ నియమాల అర్థం.

జెన్నర్ వాదం

అసలు చర్చ ఆ తరవాత వచ్చింది. ఎలుకల నాయకుడు నికోడెమస్ ఒక పథకం వేస్తాడు. మనుషులమీద ఆధారపడి బతకడం మానేసి, దూరంగా ఉన్న ముళ్ళలోయకు వెళ్ళి సొంతంగా వ్యవసాయం చేద్దామంటాడు. అతని పాత మిత్రుడు జెన్నర్ ఒప్పుకోడు. మనుషులు ఆవు దగ్గర పాలు, కోడి దగ్గర గుడ్లు తీసుకుంటే అది దొంగతనమా? మరి మనం మనుషుల దగ్గర తీసుకుంటే దొంగతనం ఎలా అవుతుంది? ఇదీ అతని వాదం.

1982లో ఈ నవల ఆధారంగా కార్టూను సినిమా వచ్చింది. అందులో జెన్నర్ హత్యకు కూడా వెనుదీయని దుర్మార్గుడు. నవలలో అలా కాదు. తన మాట తాను చెప్పి, నచ్చక, కొందరితో కలిసి వెళ్ళిపోతాడు, అంతే. దుర్మార్గుడితో వాదించడం తేలిక. ఆలోచించగలవాడితో వాదించాలంటే మనం కూడా ఆలోచించాలి. అందుకే నాకు నవలే నచ్చుతుంది.

"ఆవుకు రైతు మేత వేస్తాడు. ఎలుకలు రైతుకేమిచ్చాయి?" అంది ఒక అమ్మాయి.

"ఆవును ఎవరైనా అడిగారా?" అన్నాడు వెనకనుంచి ఒకడు. అందరూ నవ్వారు కాని, జవాబు ఎవరికీ వెంటనే దొరకలేదు.

అప్పుడు ఒక కుర్రవాడు, "మా వీధిలో స్తంభానికి కొక్కెం తగిలించి కరెంటు తీసుకునేవాళ్ళున్నారు. ఎలుకలు దొంగలైతే వాళ్ళూ దొంగలే" అన్నాడు.

కిటికీ పక్కన అప్పటిదాకా మాట్లాడని అమ్మాయి నెమ్మదిగా లేచింది. "మాదీ కొక్కెమే. నేను ఐదో తరగతి చదివేటప్పుడు. స్థలం కాగితాలు లేవని మీటరు ఇవ్వలేదు. నాన్న రాత్రిపూట తగిలించి, తెల్లవారేసరికి తీసేవాడు. నేను ఆ దీపం కిందే చదువుకున్నాను."

తరగతి నిశ్శబ్దమైపోయింది. ఎవరో కిసుక్కున నవ్వబోయి ఊరుకున్నారు. మాస్టారు తొందరపడి ఓదార్చలేదు, మందలించలేదు. "మరి తప్పా, కాదా? నువ్వే చెప్పమ్మా" అన్నారు.

"తప్పే సార్. నాన్న కూడా తప్పే అనేవాడు. కాని, ఎందుకు చేశాడో ఎవరూ అడగలేదు. దొంగ అని మాత్రం అన్నారు."

ఆ అమ్మాయి మాటల్లో రెండు వేరు వేరు విషయాలున్నాయి. వాటిని కలపకండి. ఒక పనికి కారణం తెలుసుకోవడం వేరు, దాన్ని సమర్థించడం వేరు. 1897లో రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. మలేరియా ఎలా వస్తుందో తెలుసుకున్నాడే తప్ప మలేరియాను మెచ్చుకోలేదు. కారణం తెలిశాకనే కదా దోమలను అరికట్టాలన్న సంగతి తెలిసింది! మనుషుల తప్పుల విషయంలోనూ అంతే. "దొంగ" అనేసి ఊరుకుంటే ఆ వీధిలో కొక్కేలు అలాగే ఉంటాయి. "ఎందుకు?" అని అడిగితే, మీటరు రావడానికి అడ్డుగా ఉన్న కాగితాల సంగతి బయటపడుతుంది.

అలాగని తప్పు ఒప్పయిపోదు. 2003 నాటి విద్యుత్ చట్టం ప్రకారం కొక్కెం వేయడం నేరం. చట్టం సంగతి అటుంచినా, తీగలో పారే విద్యుత్తు ఎవరి ఉద్దేశమూ అడగదు. నవలలో ఒక దుకాణంలో మోటారు దగ్గర విద్యుదాఘాతంతో కొన్ని ఎలుకలు చచ్చిపడి ఉన్నాయన్న మాట ఫ్రిస్బీ చెవిన పడుతుంది. అవి జెన్నర్, అతని వెంట వెళ్ళినవారేనని మిగతా ఎలుకలు గ్రహిస్తాయి. పేదరికంతో తగిలించినా, దర్జాకోసం తగిలించినా తీగ చేసే పని ఒకటే. ఆ అమ్మాయి తండ్రి ఎన్ని రాత్రులు ఆ ప్రమాదంలోకి చెయ్యి చాచాడో ఆలోచించండి.

జవాబు లేని ప్రశ్న

నవల చివర మనుషులు విషవాయువుతో ఎలుకలను చంపడానికి వస్తారు. మిగతావారు తప్పించుకుపోవడానికి వీలుగా కొన్ని ఎలుకలు వెనక ఆగిపోతాయి. వాటిలో ఒకరు తోటివాడిని బయటికి చేర్చి, లోపల చిక్కుకున్న మరొకరికోసం తిరిగి వెళ్ళి చనిపోతారు. ఎవరది? అందరూ ఇష్టపడే జస్టిన్ కావచ్చునని అనిపిస్తుంది. కాని, రచయిత పేరు చెప్పడు. పిల్లలు చాలాసేపు వాదించుకున్నారు. మాస్టారు 'అనుకున్నది' గడిలో "జస్టిన్" అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు. గంట కొట్టేశారు.

ప్రశ్నార్థకాన్ని అలా వదిలేయడం కొందరికి నచ్చలేదు. నాకు నచ్చింది. సాక్ష్యం ఎంతవరకు ఉందో అంతవరకే చెప్పి ఆగడం శాస్త్రజ్ఞుడికి ఎంత అవసరమో, సాటి మనిషి గురించి మాట్లాడేవారికీ అంతే అవసరం.

మీరు కూడా ఒక పని చేసి చూడండి. మీకు బాగా తెలిసిన ఒక కథ తీసుకోండి. నలుగురు మిత్రులు కూర్చుని అందులో అందరూ చెడ్డదనే పాత్రను ఎన్నుకోండి. కాగితంమీద రెండు గళ్ళు గీసి, అది చేసినవి ఒకవైపు, మీరు అనుకున్నవి రెండోవైపు రాయండి. ఆ సమయానికి దానికి ఏమి తెలుసో, ఏమి తెలియదో విడిగా రాయండి. ఆ తరవాతే తీర్పు చెప్పండి. మీ తీర్పు మునుపటిదే కావచ్చు, మారనూవచ్చు. మారితే ఎక్కడ మారిందో, ఏ సాక్ష్యం చూసి మారిందో గుర్తు పెట్టుకోండి.

ఆ రోజు తరగతి ముగిశాక, కొక్కెం వేసేవాళ్ళు దొంగలేనన్న కుర్రవాడు కిటికీ పక్క అమ్మాయి దగ్గరకు వెళ్ళాడు. "ఇప్పుడు మీటరు వచ్చిందా?" అని అడిగాడు. "వచ్చింది, పోయినేడు" అంది ఆ అమ్మాయి. ఇద్దరూ మాట్లాడుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.