అర మాత్ర పొదుపు

మా బూరె పోయి ఈ కార్తీకానికి రెండేళ్ళు. బూరె అంటే మా పిల్లి లెండి. గుండ్రంగా, ఎర్రగా, అప్పుడే మూకుట్లోంచి తీసినట్టుందని మా అమ్మాయి పెట్టిన పేరు అది. ఆ ఆదివారం పొద్దుటినుంచీ అది పాలు ముట్టలేదు. ఒళ్ళు ముట్టుకుంటే వేడిగా తగిలింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలంటే ఆటో, ఫీజు, మందులు... పైగా నెలాఖరు. బీరువాలో అబ్బాయి జ్వరానికి కొన్న పారాసెటమాల్ మాత్రలు నాలుగు మిగిలి ఉన్నాయి. 'చిన్న ప్రాణం కదా, సగం చాల్లే' అనుకుని, అర మాత్ర నలిపి, పెరుగులో కలిపి తినిపించాను. ఎవరో కాదు, నేనే. నా చేత్తోనే.

సాయంత్రానికి దాని మొహం వాచింది. చిగుళ్ళు గులాబీరంగు పోయి మట్టిరంగుకి తిరిగాయి. ఊపిరికి ఎగబీల్చటం మొదలెట్టింది. అప్పుడు పరుగెత్తాం. డాక్టరుగారు దాని నోరు తెరిచి చూసి, "ఏం పెట్టారమ్మా?" అని అడిగారు. చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. తెల్లవారకుండానే పోయింది.

తర్వాత ఆయన చెప్పింది వింటే నాకు నోట మాట రాలేదు. పారాసెటమాల్‌ని విరిచి బయటికి పంపించే శక్తి మన కాలేయానికి ఉన్నట్టు పిల్లి కాలేయానికి లేదట. ఆ మందు విషమై రక్తంలోని ఎర్ర కణాలను పాడుచేస్తుంది. అవి ఇక ప్రాణవాయువును మోయలేవు. అర మాత్రతో పిల్లి చచ్చిపోవచ్చు. వెంటనే తీసుకొస్తే విరుగుడు మందు ఉంది, కానీ నేను సాయంత్రం దాకా కూచున్నాను. ఇంకో మాట కూడా చెప్పారు. పిల్లి ఒళ్ళు మామూలుగానే మన ఒంటికన్నా వేడిగా ఉంటుందట. నూటొకటి, నూటరెండు డిగ్రీలు దానికి జ్వరమే కాదు. అంటే ఆ రోజు బూరెకి అసలు జ్వరం ఉందో లేదో కూడా నాకు తెలియదన్నమాట.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఈ తప్పు నేనొక్కదాన్నే చేసింది కాదని నాకు తెలుసు. మిగిలిపోయిన మాత్ర పారెయ్యటానికి మనకి చేతులు రావు. పాత చీర బొంత అవుతుంది, మిగిలిన అన్నం చద్దన్నం అవుతుంది, మిగిలిన మాత్ర డబ్బాలోకి పోతుంది. ఆ గుణం వల్లే సంసారాలు గట్టెక్కాయి, కాదనను. కానీ కుక్కకో పిల్లికో సుస్తీ చేసినప్పుడు ఆ డబ్బానే మనల్ని ముంచుతుంది.

దానికి తోడు ఇంట్లో మాటలు. "పిల్లికి కూడా డాక్టరేమిటే?" అని అత్తగారు. "వీధికుక్కకి స్కానింగులు తియ్యించేలా ఉన్నావు!" అని మా వారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అయితే ఈ ఖర్చు ఇంటి లెక్కలో రాదు. పాలవాడి పద్దు ఉంటుంది, కేబులు పద్దు ఉంటుంది, కుక్క మందు పద్దు ఉండదు. అది మన పోపులపెట్టెలోంచి గుట్టుగా రావాలి. గుట్టుగా చేసే ఖర్చు కాబట్టి ఎవర్నీ అడగం, డాక్టర్ని కూడా అడగం. మందుల షాపు కుర్రాణ్ణి అడుగుతాం. వాడు మనుషుల మందులిచ్చేవాడు. "ఇది వెయ్యండి మేడమ్" అని చేతికొచ్చింది ఇస్తాడు.

ఒళ్ళు నొప్పులకి మనం వేసుకునే ఐబుప్రొఫెన్ కుక్కకి పెడితే కడుపులో పుళ్ళు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. పిల్లల దగ్గు సిరప్పుల్లో కొన్నిటికి చక్కెర బదులు జైలిటాల్ అనే తీపి కలుపుతారు. మనకి ఏమీ కాదు, కుక్కకి అదే విషం. పిడుదులు పడితే కుక్క మీద వేసే చుక్కల మందుల్లో పెర్మెత్రిన్ ఉన్నదాన్ని 'కాస్తే కదా' అని పిల్లి మెడ మీద వేస్తే దానికి మూర్ఛలొస్తాయి. ఫినాయిల్ నీళ్ళతో పిల్లికి స్నానం చేయించే వాళ్ళని నేను చూశాను. పిల్లి ఒళ్ళు నాకి శుభ్రం చేసుకునే జంతువు. ఆ ఫినాయిల్ ఎక్కడికి పోతుందో మీరే ఆలోచించండి. మా చిన్నప్పుడు కుక్కకి గమాక్సిన్ పొడి రాసేవారు. దాని వాడకాన్నే మన దేశంలో 2013 నుంచి నిషేధించారు. అయినా 'మా నాన్నగారు రాసేవారు, ఏమీ కాలేదు' అనే మాట ఇప్పటికీ వింటూనే ఉన్నాను.

మా బంధువుల ఊళ్ళో అయితే గేదెకి తెచ్చిన ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షను సీసాలో మిగిలింది కుక్కకి పొడిపించారు. గేదె బరువు వందల కిలోలు, దాని మందు చిక్కగా ఉంటుంది. కుక్కకి చుక్క ఎక్కువైనా ప్రమాదమే. కోలీ జాతి కుక్కల్లో కొన్నిటికి ఆ మందు బొత్తిగా పడదు, ప్రాణం పోవచ్చు. వాళ్ళ కుక్క రెండు రోజులు లేవకుండా పడుకుని ఎలాగో బతికింది. దాన్ని చూపించి "చూశావా, పని చేసింది" అన్నారు!

చవక మందు ఎంత దూరం పోతుందో చెప్పాలంటే రాబందుల కథ చెప్పాలి. మన చిన్నతనంలో ఊరి చివర గొడ్డు చస్తే రాబందులు వాలేవి, గుర్తుందా? 1990లలో అవి ఎందుకో రాలిపోవటం మొదలైంది. దేశంలో మూడు జాతుల రాబందులు నూటికి తొంభైఅయిదుకి పైగా పోయాయి. 2004లో గాని కారణం బయటపడలేదు. పశువుల నొప్పులకి డైక్లోఫెనాక్ ఇచ్చేవారు, చవగ్గా దొరికేది కనక. ఆ మందు ఉన్న కళేబరం తిన్న రాబందుకి కిడ్నీలు చెడి చచ్చిపోయేది. 2006లో పశువులకి దాన్ని నిషేధించారు. అయినా మనుషుల కోసం చేసే పెద్ద సీసాలు గొడ్ల చావిళ్ళలోకి పోతున్నాయని 2015లో ఆ పెద్ద సీసాలనీ ఆపారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లని కూడా పశువుల వాడకంలోంచి తీసేశారు. ఎవరో రైతు ఓ పది రూపాయలు మిగుల్చుకున్నాడు. తప్పు అతనిదని నేనను, అతనికెవరు చెప్పారు గనక?

సరే, మరి మిగుల్చుకోవటం ఎలా? ఖర్చు చెయ్యలేని వాళ్ళు కుక్కని పెంచకూడదంటారు కొందరు. నాకా మాట నచ్చదు. వాకిట్లోకి వచ్చి పడుకున్న ప్రాణిని జీతం చూసుకుని పెంచుతామా? మిగుల్చుకునే దారులున్నాయి. నాకు అవి బూరె పోయాక, రాణి దయవల్ల తెలిశాయి.

రాణి మా కుక్క. నాటు కుక్క, వానలో మా మెట్ల కింద చేరింది. కాకినాడ గాలి సంగతి మీకు తెలుసు కదా, ఏడాదిలో సగం రోజులు చెమ్మే. పిడుదులకి అంతకన్నా ఏం కావాలి? నిరుడు దానికి ముక్కులోంచి రక్తం కారింది. రక్తపరీక్ష చేసి పిడుదుల జ్వరం అన్నారు. డాక్టరుగారు కుక్కల కంపెనీ మాత్రలు రాశారు. చీటీ చేతిలో పట్టుకుని కూచున్నాను. బూరె గుర్తుకొచ్చింది. సిగ్గు చంపుకుని అడిగేశాను. "డాక్టరుగారూ, అంత పెట్టలేనండీ. ఇదే మందు తక్కువలో దొరుకుతుందాండీ?"

ఆయన ఏమీ అనుకోలేదు. "ముందే అడగాల్సిందమ్మా" అని చీటీ మార్చి రాశారు. డాక్సీసైక్లిన్. మనుషులకి ఇచ్చేదీ అదే మందు. కుక్క బరువుకి సరిపడా మోతాదు ఆయనే లెక్కకట్టి రాశారు. జన ఔషధి షాపులో కొన్నాను. మొదటి చీటీ ధరకీ దానికీ ఎంత తేడా ఉందో చూసి, ఇన్నాళ్ళూ నోరు ఎందుకు తెరవలేదా అనుకున్నాను. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. బూరెకి పెట్టిందీ మనుషుల మందే, రాణికి పెట్టిందీ మనుషుల మందే. ఒకటి నా లెక్క, రెండోది డాక్టరు లెక్క. మనుషుల మందు పశువుకి పనికొస్తుందా రాదా అన్నది తెలిసినవాళ్ళు చెప్పాలి. ఆ చెప్పించుకోవటానికి ఇచ్చే ఫీజు దగ్గర మాత్రం మిగుల్చుకోకూడదు. మందుల ఖర్చు ఎక్కువ తగ్గేది ఆ ఫీజు వల్లే.

ఆ మాత్రలు నాలుగు వారాలు వెయ్యమన్నారు. వారం తిరిగేసరికి రాణి గేటు దూకి పాలవాణ్ణి తరుముతోంది. "తగ్గిపోయిందిగా, మిగతావి దాచు" అన్నారు మా వారు. దాచలేదు. సగంలో ఆపితే జ్వరం తిరగబెడుతుంది, అప్పుడు మళ్ళీ పరీక్ష, మళ్ళీ మందు. మాత్ర అన్నంలో పెట్టి, వెనకాల నీళ్ళు తాగించి, ఇరవై ఎనిమిది రోజులూ క్యాలెండరు మీద గీతలు పెట్టాను.

బరువు సంగతి కూడా చెప్పాలి. నులిపురుగుల మాత్ర బరువుని బట్టి వెయ్యాలి. మాకు రాసింది పది కిలోలకి ఒకటి. 'ఓ పదిహేను కిలోలుంటుంది' అని గాల్లో లెక్కేసి ఎక్కువ మాత్రలు కొనేదాన్ని. ఓ రోజు మా వీధి చివర బియ్యం కొట్టు కాటా మీద నేను రాణినెత్తుకుని నిలబడ్డాను, తర్వాత నేనొక్కదాన్నీ నిలబడ్డాను. కొట్లో అందరూ నవ్వారు. రాణి పన్నెండు కిలోలే. నా బరువెంతో మాత్రం అడక్కండి.

అసలు ఖర్చు తగ్గేది రోగం రాకుండా చూసుకున్నప్పుడే. జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకి రేబీస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజున పాశ్చర్ మొదటిసారి ఓ పిల్లవాడికి ఆ టీకా వేశాడట. రేబీస్ వచ్చాక మనిషికైనా కుక్కకైనా మందు లేదు. మేం ఈ జూలైలో ఆటోలో రాణినీ, పక్కవాటాలో వాళ్ళ కుక్కనీ కలిపి తీసుకెళ్ళాం. ఆటో ఖర్చు సగమయింది. పిడుదులకైతే రోజూ సాయంత్రం దువ్వెన పెట్టి, చెవుల్లో, వేళ్ళ సందుల్లో చూసి, చిమటాతో పట్టి సబ్బునీళ్ళలో వేస్తాను. గోళ్ళతో నలపకూడదు. గోడ పగుళ్ళలో గుడ్లు పెడతాయి కనక అవి సిమెంటుతో పూడ్పించాం. ఇంతకన్నా చవక మందు నాకు తెలియదు.

టీకా మందు బయట కొని తీసుకెళితే కొన్ని రూపాయలు తక్కువ పడుతుంది నిజమే. కానీ అది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి. మే నెల ఎండలో, కరెంటు పోయిన షాపు ఫ్రిజ్‌లోంచి తీసి, ప్లాస్టిక్ సంచీలో వేసుకుని జగన్నాథపురం వంతెన దాటించారనుకోండి, సూదిలో మిగిలేది నీళ్ళతో సమానం. కుక్కకి టీకా వేయించామన్న ధైర్యం మాత్రం మనకి ఉంటుంది. అదే భయం నాకు. అలాగే ఫోనులో సగం ధరకి కనబడే మందులు. అట్ట మీద 'మనుషులకు కాదు, పశువుల చికిత్సకు మాత్రమే' అన్న మాటా, పశువు తల బొమ్మా ఉండాలని చట్టం. అవీ, బ్యాచ్ నంబరూ, గడువు తేదీ కనబడకపోతే ఎంత చవకైనా నేను తీసుకోను.

2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం 'పశు ఔషధి' అని ఒకటి ఆమోదించింది. జన ఔషధిలాగే పశువులకి తక్కువ ధరకి జెనరిక్ మందులివ్వటానికి 75 కోట్లు కేటాయించారు. సంతోషమే. అయితే వాటిని కిసాన్ సమృద్ధి కేంద్రాల ద్వారా, సహకార సంఘాల ద్వారా అమ్ముతారట. రామారావుపేటలో అద్దెవాటాలో పిల్లిని పెంచుకునే మనిషి ఎరువుల కొట్టుకి ఎందుకు వెళుతుంది? మనం మాత్రలు కొనే జన ఔషధి షాపులోనే ఓ అర వాటికీ ఇస్తే ఏం పోతుంది? పశువుల డాక్టర్లు కూడా కంపెనీ పేరుతో పాటు అసలు మందు పేరు గుండ్రటి అక్షరాలతో రాస్తే మాలాంటివాళ్ళు ధరలు పోల్చుకుంటాం.

పోయిన వారం ఎదురింటి పిన్నిగారు గేటు దగ్గర నిలబడి కేకేశారు. "అమ్మాయ్, మీ ఇంట్లో జ్వరం మాత్ర ఉందా? మా పిల్లి పొద్దుటినుంచీ ఏమీ తినలేదు."

నా గుండె ఝల్లుమంది. "మాత్ర లేదు పిన్నిగారూ, ఆటో పిలుస్తాను, పదండి" అన్నాను. దారి పొడుగునా ఆవిడ గొణుగుతూనే ఉన్నారు, పిల్లికి ఆటో ఏమిటని. డాక్టరుగారు ఒళ్ళు చూశారు, జ్వరం లేదు. నోరు తెరిచి చిన్న పటకారుతో చిగుట్లోంచి చేప ముల్లు లాగారు. మందేమీ రాయలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పిన్నిగారు కొంగుముడి విప్పి, "ఫీజు నువ్విచ్చావుగా, ఎంతో చెప్పు" అన్నారు. పిల్లి ఆవిడ ఒళ్ళో పడుకుని ఆ ముడితో ఆడుకుంటోంది.