చందమామ పేరు ఎత్తారు కాబట్టి: చిరంజీవి గారికి బహిరంగ లేఖ

దాచేపల్లి, పల్నాడు జిల్లా
ఆగస్టు 2025

చిరంజీవి గారూ,

డెబ్బై ఏళ్ళు నిండిన సందర్భంగా ముందు శుభాకాంక్షలు. ఆ పుట్టినరోజుకు ముందు మీరు విడుదల చేసిన వీడియో గురించే ఈ ఉత్తరం. మీ సినిమా ‘విశ్వంభర’ 2025లో రావటం లేదు, 2026 వేసవికి వస్తుందన్నారు. రెండో సగమంతా గ్రాఫిక్స్ మీదే ఆధారపడి ఉందనీ, ఆ పని నాణ్యంగా జరగటానికే ఈ ఆలస్యమనీ చెప్పారు. అక్కడితో ఆగి ఉంటే పేచీ లేదు. 2025 సంక్రాంతికి అనుకున్న బొమ్మ ఇప్పటికే వెనక్కి వెళ్ళింది, మరోసారి వెళితే మునిగిపోయేదేమీ లేదు. కానీ ఇది చందమామ కథలాంటి సినిమా అనీ, పిల్లలనే కాదు, పెద్దల్లో దాగి ఉన్న పిల్లలను కూడా అలరిస్తుందనీ అన్నారు. ఆ ఒక్క మాటతో మీ అభిమానులే కాక, చందమామ అభిమానులు కూడా ఈ వ్యవహారంలో వాటాదారులయ్యారు. వాళ్ళ తరఫున మాట్లాడమని నాకెవరూ వకాల్తా ఇవ్వలేదు. అయినా మీ మాట విన్నాక వాళ్ళ గోడు కూడా ఎవరో ఒకరు మీ చెవిన వేయాలి కదా.

2024 దసరాకు టీజర్ వచ్చినప్పుడు జనం గ్రాఫిక్స్ బాగాలేవన్నారు, ఎక్కడో చూసిన బొమ్మల్లా ఉన్నాయన్నారు. మీరు, దర్శకుడు వశిష్ట గారు, నిర్మాతలు ఆ విమర్శను పట్టించుకున్నారు. పెద్ద సినిమా వాళ్ళు ఆ మాత్రం చెవి ఒగ్గటం మెచ్చుకోదగ్గదే. అయితే విన్నది సగమేనని నా అనుమానం. ఎక్కడో చూసినట్టుంది అన్న మాటకు అర్థం గ్రాఫిక్స్ నాసిగా ఉన్నాయని మాత్రమే కాదు. ఈ లోకం ఎవరిది, ఇక్కడ ఏది జరుగుతుంది, ఏది జరగదు, అసలు ఇక్కడికి మనల్ని ఎందుకు తీసుకొచ్చారు అన్నవి తెలియటం లేదని కూడా. మొదటి ఫిర్యాదుకు కంప్యూటర్ల ముందు కూర్చున్న నిపుణులు సమాధానం చెప్పగలరు. రెండోదానికి ఎన్ని నెలల గ్రాఫిక్స్ పనీ సమాధానం కాదు, అది కథ రాసేవాళ్ళ బల్ల మీద తేలాల్సిన లెక్క. చందమామ పత్రికలోని సీరియళ్ళ విషయమే చూడండి. నెలకో భాగం, భాగానికి నాలుగైదు బొమ్మలు. చిత్రకారుడు చిత్రా గారి గీత గొప్పదే, ఆయన గీసిన మాంత్రికుల్నీ మొసలి మనుషుల్నీ మరిచిపోలేం. అయినా ఆ నాలుగైదు బొమ్మలే నెల్లాళ్ళు పాఠకుణ్ణి నిలబెట్టలేదు. కిందటి నెల చెట్టు కొమ్మ మీద చిక్కుకున్నవాడు ఈ నెల ఎలా దిగుతాడన్న ఆత్రం నిలబెట్టింది. ఆ ఆత్రం పుట్టాలంటే వాడు ఎగరలేడన్న సంగతి ముందు మనకు తెలిసి ఉండాలి.

ఆ సీరియళ్ళు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. పాత గుంటూరు జిల్లా మనిషి, తెనాలి దగ్గర చినగాదెలవర్రు ఆయన ఊరు. ఆ మాటకొస్తే పత్రిక నడిపిన చక్రపాణి గారిదీ, దాని సంపాదకత్వం చూసిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. మద్రాసులో అచ్చయిన చందమామకు మెదడు మాత్రం మా పాత జిల్లాదని మేం కాస్త గర్వంగానే చెప్పుకుంటాం. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి సుమారు పాతికేళ్ళలో దాసరి గారు పన్నెండు సీరియళ్ళు రాశారు. ‘కంచుకోట’, ‘రాకాసి లోయ’, ‘పాతాళదుర్గం’, ‘మాయా సరోవరం’, ‘భల్లూక మాంత్రికుడు’ అంటూ పేర్లు వల్లించగలవాళ్ళు ఇప్పటికీ ఊరూరా ఉన్నారు. వాటిలో బాగా నిలిచినవాటిని వరసగా చదివితే ఒక సంగతి తేలుతుంది: వీరుడు ఒంటరిగా రాడు. ‘శిథిలాలయం’లో శబర యువకుడు శిఖిముఖి, అతనికి తోడు విక్రమకేసరి. ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’ రెండింటిలోనూ ఖడ్గవర్మ, జీవదత్తుడు, ఒకరి బలం కత్తి, మరొకరి బలం దండం. ‘మాయా సరోవరం’లో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఒకడికి లేనిది మరొకడికి ఉంటుంది. ఇద్దరికీ లేనిది దారిలో కలిసిన మూడోవాడి దగ్గర దొరుకుతుంది, ఆ మూడోవాడు ఒక్కోసారి నిన్నటి శత్రువే. కష్టంలోంచి బయటపడేది యుక్తి వల్ల, స్నేహం వల్ల. చదివే పిల్లవాడు ఆ ఇద్దరి మధ్య మూడోవాడిగా తనను ఊహించుకోగలిగాడు. నా లెక్కలో చందమామ కథ అంటే అదీ. రాక్షసులూ, తేలే కొండలూ, నోరు తెరిచే గుహలూ ఎవరి దగ్గరైనా ఉంటాయి. పిల్లలకు చోటు మిగిల్చే వీరుడు మాత్రం అరుదు.

మన పెద్ద సినిమా ఆ చోటు మిగల్చదు. పధ్నాలుగు లోకాలు దాటినా అక్కడ నిలబడేది ఒక్క స్టారే. పక్కనున్నవాడు చప్పట్లు కొట్టటానికి, ఎదుటివాడు తన్నులు తినటానికి. మీ సినిమా అలాగే ఉంటుందని నేననటం లేదు, చూడని బొమ్మకు తీర్పు చెప్పటం తగదు. ఉండదని చెప్పే ఆధారం ఇప్పటిదాకా చూపించిన దాంట్లో ఏముందని మాత్రం అడుగుతున్నాను. మంచి ఆధారం కావాలంటే దూరం వెళ్ళక్కర్లేదు. చందమామ నడిపిన నాగిరెడ్డి-చక్రపాణులే 1951లో ‘పాతాళభైరవి’ తీశారు. భైరవి ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాటే వింటుందన్నది దానిలో నియమం. వీరుడని తోట రాముడి మీద దానికి ప్రత్యేక దయ ఏమీ లేదు, చేయి మారిందా, రాముడి మేడ మాయం, ఇందుమతి మాయం. ఎస్వీ రంగారావు గారి మాంత్రికుడికి ఎంత చోటిచ్చారో చూడండి, ఇంకా పెద్ద స్టారు కాని ఎన్టీఆర్ ఆ చోటుకు ఎదురు నిలిచే కదా పెద్దవాడయ్యాడు. మరి మీ ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’? 2025 మే 9న, ముప్ఫై అయిదేళ్ళకు మళ్ళీ విడుదల చేస్తే జనం మళ్ళీ వెళ్ళారు. 1990 నాటి ట్రిక్ ఫొటోగ్రఫీ చూడటానికా? ఉంగరం లేకపోతే ఇంద్రజ స్వర్గానికి తిరిగి పోలేదు, ఆ ఉంగరం నలుగురు అనాథ పిల్లల్ని సాకే గైడు రాజు దగ్గరుంది, అతనికి దాని విలువ తెలియదు. ఈ మూడు ముక్కల మీద సినిమా మొత్తం నిలబడింది. రాజుకు ఏ శక్తీ లేదు, అందుకే పిల్లలు రాజు పక్షం. అంటే ఈ విద్య మీకు తెలియనిది కాదు. తెలిసినవారు కాబట్టే అడగాల్సి వస్తోంది.

పుస్తకం చదివి పెరిగినవాళ్ళు సినిమా మీద ఎందుకు కోప్పడతారో బయటి ప్రపంచంలోనూ చూశాం. రిక్ రియోర్డన్ పిల్లల కోసం రాసిన పెర్సీ జాక్సన్ కథల మీద 2010లో హాలీవుడ్ సినిమా వచ్చింది. దర్శకుడు క్రిస్ కొలంబస్, మొదటి రెండు హ్యారీ పోటర్ సినిమాలు తీసినవాడే. డబ్బుకు కొరత లేదు, గ్రాఫిక్స్‌కూ లేదు. పుస్తకంలో పన్నెండేళ్ళ పెర్సీని సినిమాలో కాలేజీ ఈడు కుర్రాడిలా చూపించారు. కుర్రకారును రప్పిద్దామన్న లెక్కతో కథ ఎవరిదో వాళ్ళనే వెళ్ళగొట్టారు. అలా చేయొద్దని రచయిత 2009లోనే నిర్మాతలకు రాశాడు, తర్వాత ఆ ఉత్తరాలను తానే బయటపెట్టాడు. 2013లో రెండో భాగం తీసి ఆపేశారు. పదేళ్ళ తర్వాత డిస్నీ వాళ్ళు రచయితను పక్కన కూర్చోబెట్టుకుని, పన్నెండేళ్ళ పెర్సీతో సిరీస్‌గా మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అభిమానుల కోపం మంటల రంగు మీద కాదు, తమ ఈడు మనిషిని తమ దగ్గర్నుంచి లాక్కున్నందుకు.

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. చందమామ కథ అంటే ఏదో వాడుక మాట, ఉత్తరాలు రాసేంత పట్టింపు దేనికి అంటారు. వాడుక మాటే అయితే గ్రాఫిక్స్ ఆలస్యానికి సంజాయిషీ ఇచ్చే చోటే అది ఎందుకు వచ్చింది? వేచి ఉండమని అడగటానికి ఆ పేరు మీద ఉన్న నమ్మకాన్ని వాడుకున్నారు. నమ్మకాన్ని వాడుకున్నాక పట్టింపు వద్దంటే ఎలా? ఇంకో జవాబు: వందల కోట్ల సినిమా స్టారు లేకుండా నడవదు, డెబ్బై ఏళ్ళ నటుణ్ణి శిఖిముఖి చేయమంటారా అని. ఎవరూ అనరు. కథలో వయసుకు తగ్గ పాత్రలకు లోటా? మాంత్రికులు, మునులు, రాజ్యం పోగొట్టుకున్న రాజులు, దారి తప్పిన కుర్రాళ్ళకు దారి చూపేవాళ్ళు బోలెడుమంది. ‘పాతాళభైరవి’లో జనానికి ఎక్కువ గుర్తున్నది ఎవరో మళ్ళీ చెప్పనక్కర్లేదు. ఇప్పటి పిల్లలకు ఆ నెమ్మది ఎక్కడ పడుతుందన్నది మూడోది, దీన్ని నేను పూర్తిగా కొట్టేయలేను. వేగం మారింది, నిజమే. కానీ రాజమౌళి గారి చిన్ననాటి చదువులో చందమామ, అమర్ చిత్ర కథ ఉన్నాయని ఆయనే చెప్పారు, ఆ చదువులోంచి వచ్చిన ‘బాహుబలి’ని ఏ పిల్లవాడూ నెమ్మది అనలేదు.

పాత గోడు ఒకటుంది, అది మీ ఒక్కరి మీద కాదు. దాసరి గారు యాభై ఏళ్ళకు పైగా చందమామలో పనిచేశారు. ఆ సీరియళ్ళ మీద పత్రిక ఆయన పేరు వేయలేదు. ఆయన 2010లో పోయారు. పత్రిక 2007లో జియోడెసిక్ అనే ముంబై కంపెనీ చేతికి వెళ్ళి, కొన్నేళ్ళకే ఆగిపోయింది. పిల్లలకు కొత్త చందమామ లేదు, సినిమావాళ్ళకు మాత్రం చందమామ లాంటి కథలు ఏటేటా ఉన్నాయి! కథ: దాసరి సుబ్రహ్మణ్యం అని టైటిల్ కార్డు పడిన పెద్ద సినిమా మేమెరిగినంతలో ఒక్కటీ లేదు. హక్కులు ఎవరి దగ్గరున్నాయో, ఎవరిని అడగాలో కనుక్కోవటం మాకు కష్టం, మీకూ అంత కష్టమా? ఇంకో సంగతి, పిల్లల సినిమా అన్నారు కదా, విడుదలనాటికి టిక్కెట్టు ధర పెంచుకునే జీవో దీనికీ వస్తుందా? వేసవి అంటే మా వైపు మిర్చి అమ్ముకుని చేతిలో నాలుగు డబ్బులు ఆడే కాలం, పిల్లల్ని సినిమాకు తీసుకెళ్ళటానికి ఎవరూ వెనకాడరు. ఆ నాలుగు డబ్బుల మీద నమ్మకంతోనేనా వేసవిని ఎంచుకుంది?

రెండో సగం ఇంకా మీ చేతుల్లోనే ఉందని మీ మాటల్ని బట్టే తెలుస్తోంది. ఈ కొద్ది నెలల్లో ఆ గ్రాఫిక్స్ గదిలోకి ఒక్కరోజైనా చందమామ చదివిన మనిషిని ఎవరినైనా పిలుస్తారా? పిలిస్తే, రాక్షసుడు ఎంత పెద్దగా ఉన్నాడని కాకుండా, వాణ్ణి చూసి మీ వీరుడు దేనికి భయపడ్డాడని ఆయన్ను అడగనిస్తారా?

ఇట్లు
చందమామ పాఠకుడొకడు