పరాయి ఇంట్లో రెండు రాత్రులు

నాకు అరవై నాలుగేళ్ళు. సికింద్రాబాదులో ఇంగ్లీషు మీడియంలో చదివాను. సెకండ్ లాంగ్వేజ్ హిందీ. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం కానీ అక్షరాలు ఎవరూ నేర్పలేదు. ఇంగ్లండులో మా గుడి వంటింట్లో సేవ చేస్తూ, డబ్బాల మీద రాసిన పప్పుల పేర్లు కూడబలుక్కుంటూ, అరవై దాటాక చదవడం నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

ఈసారి ఒక మాట గట్టిగా చెప్పాలని ఉంది. భాష నేర్చుకునేవాళ్ళు ప్రయాణాల్లో అన్ని రాత్రులూ హోటల్లో ఉండకూడదు. కొన్ని రాత్రులైనా ఎవరింట్లోనైనా ఉండాలి.

పోయిన సెప్టెంబరులో ఒక్కదాన్నే రైల్లో యూరప్ వెళ్ళాను. లండన్ నుంచి పారిస్, తర్వాత స్ట్రాస్‌బుర్గ్, అక్కణ్ణుంచి ఇటలీలో బొలోన్యా. రెండు ఊళ్ళలో అక్కడివాళ్ళ ఇళ్ళలో ఉన్నాను. మా అమ్మాయి "అమ్మా, నీకేమైనా పిచ్చా? ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఇంట్లో పడుకుంటావా?" అంది. దాని భయంలో న్యాయం ఉంది. అందుకే ముందు జాగ్రత్తలు చెప్తాను.

ఇలా ఉండడానికి కొన్ని దారులున్నాయి. కౌచ్‌సర్ఫింగ్ 2004లో మొదలైంది. ఇప్పుడు చాలా దేశాల్లో దానికి సభ్యత్వ రుసుము కట్టాలి. నేను వెళ్ళింది సర్వాస్ ద్వారా. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1949లో, శాంతి కోరుకునేవాళ్ళు కొందరు డెన్మార్క్‌లో దీన్ని మొదలుపెట్టారు. ఒకరింట్లో ఒకరు భోంచేస్తే మళ్ళీ కొట్టుకోరని వాళ్ళ ఆశ. ప్రయాణానికి ముందు ఒకరు మనతో కూర్చుని మాట్లాడతారు. పరిచయ లేఖ ఇస్తారు. మామూలుగా రెండు రాత్రులు ఉండొచ్చు. డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం ఉండదు.

నా నియమాలు ఇవి. ఏ ఊళ్ళోనైనా మొదటి రాత్రి హోటల్లోనే. వెళ్ళే ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు మా అమ్మాయికి పంపాలి. ఒక రాత్రి గది అద్దెకి సరిపడా డబ్బు విడిగా దాచుకోవాలి. ఇంట్లో అడుగుపెట్టాక మనసుకి బాగా లేదనిపిస్తే బయటికి వచ్చేయాలి. అక్కడ మొహమాటం పనికిరాదు.

స్ట్రాస్‌బుర్గ్‌లో ఇంటి పెద్దాయన నాకు ఒక మాట నేర్పారు. ఫ్రెంచిలో "ఓత్" అంటే ఇంటికి వచ్చినవాళ్ళు, ఇంట్లోకి పిలిచినవాళ్ళు కూడా. ఇటాలియన్‌లో "ఓస్పితే" కూడా అంతేనట. మన తెలుగులో వచ్చినవాళ్ళకి అతిథి, చుట్టం అని మాటలున్నాయి. పిలిచినవాళ్ళకి "ఆతిథేయి" అని పుస్తకాల్లో ఉంది కానీ మా ఇంట్లో ఎవరూ అనగా వినలేదు. "ఇంటివాళ్ళు" అనే అంటాం. నాకు అదే బాగుంది.

బొలోన్యాలో ఇంటావిడ నాకంటే పెద్దది. ఒక్కతే ఉంటుంది. మాంసం, చేపలు తిననని ముందే రాశాను. గుడ్డు సంగతి రాయడం మర్చిపోయాను. వెళ్ళేసరికి ఆవిడ బల్ల నిండా పిండి చల్లి, పెద్ద చపాతీలా వత్తిపెట్టింది. దాన్ని "స్ఫోల్యా" అంటారు. ఆ ఊరి పాస్తా చాలావరకు దానితోనే. అందులో మైదాపిండి, కోడిగుడ్లు.

నాకు వచ్చిన ఇటాలియన్ ముప్పై మాటలు. "వోవా, నో" అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. తర్వాత ఆవిడ చేతులు కడుక్కుని, అలమర తెరిచి, ఒక్కొక్కటీ తీసి పేరు చెప్తూ అడిగింది. ఇది తింటావా? ఇది? పార్మిజాన్ జున్ను వచ్చింది. దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో ఆ పాలు విరగ్గొడతారు. అది కూడా వద్దన్నాను. మారు మాట్లాడకుండా లోపల పెట్టేసింది. నేను చిక్కుళ్ళ డబ్బా చూసి, ఇంగ్లీషు చదివినట్టు "ఫగియోలి" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "ఫజోలి" అని మెల్లగా అని, డబ్బా మూత తీసింది. అంతే.

ఆ రాత్రి అన్నం, చిక్కుళ్ళు, టమాటాలు తిన్నాం. ఫోన్ యాప్‌లో మూడు నెలలు నేర్చుకున్నదానికంటే ఆ గంటలో ఎక్కువ నేర్చుకున్నాను. పాఠం ఒకటి మీక్కూడా. గుడ్డు తినకపోతే గుడ్డు అని విడిగా రాయండి.

కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా గుడిలో ఒక అమ్మాయి ఉంది, పద్నాలుగేళ్ళు. ఒక ఆదివారం వరసలో నిలబడి "ఆంటీ, పెరుగన్నం పెడతాడా?" అని నన్ను అడిగింది. నేను పకపకా నవ్వి "నన్ను మగవాణ్ణి చేశావే!" అన్నాను. వరసంతా నవ్వింది. అప్పట్నుంచి ఆ పిల్ల నాతో ఇంగ్లీషే. నేను ముద్దుగానే నవ్వాను. విజయవాడలో మా పెదనాన్న పిల్లలు నా తెలుగుకి నవ్వినప్పుడు వాళ్ళూ ముద్దుగానే నవ్వారు. నేను ముప్పై ఏళ్ళు వాళ్ళతో ఇంగ్లీషే మాట్లాడాను.

అతిథిని దేవుడంటాం. గోదావరి లంకల్లో, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఏ వేళకి ఎవరు వచ్చినా అన్నం పెట్టారని గర్వంగా చెప్పుకుంటాం. సగం భాషతో గుమ్మంలోకి వచ్చినవాళ్ళు కూడా ఆకలితో వచ్చినవాళ్ళే. వాళ్ళని చూసి మనం ఎందుకు నవ్వుతాం?

కాబట్టి నా అభిప్రాయం ఇది. నేర్చుకునేవాళ్ళు ఇళ్ళల్లో ఉండండి. హైదరాబాదు వెళ్ళినా అంతే. మేనత్త ఇల్లుండగా అన్ని రాత్రులూ హోటల్లో ఎందుకు? రెండు రాత్రులు అక్కడ పడుకోండి, పొద్దున్నే వంటింట్లో నిలబడి ఇది ఏమంటారని అడగండి. భాష వచ్చినవాళ్ళేమో ఇంటివాళ్ళలా ఉండండి. సరైన మాట ఒకసారి అని, మూత తీయండి.

ఇంటికి వచ్చాక మా మేడ మీద గది సర్వాస్‌లో పెట్టాను. మా అమ్మాయికి ఇంకా ఇష్టం లేదు. గుడిలో ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి "ఆ రోజు నవ్వడం నా తప్పు" అని తెలుగులో చెప్పాను. "ఇట్స్ ఓకే ఆంటీ" అంది. ఇంకా ఇంగ్లీషే. నేను మాత్రం తెలుగులోనే పలకరిస్తున్నాను.