గుర్రాలు ఊరికే రావు

‘సివిలైజేషన్ 6’లో భారతదేశానికి ఇచ్చిన ప్రత్యేక దళం ‘వరు’ అనే యుద్ధపు ఏనుగు. దాని బలం 40, పక్కనున్న శత్రువు బలంలో 5 కోసేస్తుంది. మామూలు ఆశ్వికదళం బలం 36, కానీ టర్న్‌కి నాలుగు గళ్ళు కదులుతుంది. ఏనుగు రెండే.

మనవాళ్ళ వాదనలన్నీ ఈ అంకెల చుట్టూనే. మన ఏనుగుని తక్కువ చేశారు, బలం పెంచమంటారు ఒకరు. చరిత్రని ఉన్నదున్నట్టు దింపితే ఆట పాడవుతుంది, బ్యాలెన్స్ ముఖ్యం అంటారు ఇంకొకరు. నాకైతే ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నట్టు కనిపిస్తుంది. బలాబలాలు యుద్ధభూమిలోనే తేలతాయని ఇద్దరి నమ్మకం. దక్కన్‌లో అవి చాలావరకు రేవుల్లో తేలాయి.

మా నారాయణఖేడ్‌కి దగ్గర్లోనే ఉన్న బీదర్‌నే తీసుకోండి. 15వ శతాబ్దంలో అఫనాసీ నికితిన్ అనే రష్యన్ వర్తకుడు ఒకే ఒక్క గుర్రాన్ని సముద్రం దాటించి తెచ్చాడు. జున్నర్‌లో అక్కడి ఖాన్ దాన్ని లాక్కున్నాడు. నానా తిప్పలూ పడి వెనక్కి తెచ్చుకుని, చివరికి బీదర్‌లో అమ్ముకున్నాడు. ఆ రోజుల్లోనే బహమనీ మంత్రి మహమూద్ గవాన్ 1472లో గోవాని విజయనగరం చేతుల్లోంచి తీసుకున్నాడు. గుర్రాలు దిగే రేవు అది. 1510లో అదే గోవా పోర్చుగీసుల పాలైంది. గుర్రాలూ ఏనుగులూ తెచ్చే దూరదేశపు వర్తకుల్ని ఆదరించాలని, ఆ సరుకు శత్రువుకి చేరకుండా చూసుకోవాలని ఆముక్తమాల్యదలో రాయలు రాజనీతిగా చెప్పాడు.

ఎందుకింత తాపత్రయం? మేలుజాతి యుద్ధాశ్వాలు ఇక్కడ సరిగ్గా పెరగవు. తెచ్చినవి మన వాతావరణానికి, మేతకి తట్టుకోలేక చచ్చిపోయేవి. అందుకే మళ్ళీ మళ్ళీ కొంటూనే ఉండాలి.

మరి ఆటలో? మ్యాప్ మీద గుర్రాలున్న గడి దొరికితే చాలు. దొరక్కపోతే పక్క రాజుతో బేరం కుదుర్చుకోవచ్చు, నిజమే. కానీ ఆ సరుకు ఏ దారినా రాదు, నేరుగా ఖాతాలో పడుతుంది. మధ్యలో రేవుని ఎవడు పట్టుకున్నా ఆగదు. దెబ్బతిన్న దళం కొన్ని టర్న్‌లు పడుకుని లేస్తే చాలు, కొత్త గుర్రాల ఖర్చు లేకుండానే కోలుకుంటుంది.

కోడ్ రాసేవాడిగా నాకు కారణం తెలియకపోలేదు. 40ని 42 చెయ్యడం ఒక్క లైను పని. సరఫరాని మార్చాలంటే ఆటంతా మళ్ళీ టెస్ట్ చెయ్యాలి. కానీ సులువైన పనికి బ్యాలెన్స్ అని పేరు పెట్టి, చరిత్ర దానికి అడ్డమన్నట్టు మాట్లాడితే ఎలా? కొన్న గుర్రాలు రేవు దాటి రావాలి, దళం కోలుకోవడానికి కొత్త గుర్రాలు ఖర్చవ్వాలి. ఈ రెండు నియమాలూ పెట్టి ఆశ్వికదళం బలం ఎంత పెంచినా ఆట ఒరిగిపోదు. ఏనుగు అంకెని ముట్టుకోవాల్సిన పనే ఉండదు.

‘ఆటే కదా’ అంటారా? వంద గంటలు ఆడినవాడికి ఆటే పాఠ్యపుస్తకం. మందకొడి ఏనుగుల్ని నమ్ముకుని దక్షిణాది ఓడిందన్న పాత కథనే ఆ అంకెలు వాడి బుర్రలో నాటుతున్నాయి. గుర్రం విలువ తెలీక కాదు, తెలిసే ఇక్కడి రాజులు రేవుల కోసం కొట్టుకున్నారు. ఆ సంగతి చెప్పని బ్యాలెన్స్ వట్టి కూడికలూ తీసివేతలే.