ఊరికి ఆ చివర కూడా ఊరే

పోయిన జనవరిలో మా ఎన్నెస్సెస్ క్యాంపు మాచర్ల వైపు ఒక పల్లెలో పెట్టారు. ఏడు రోజులు. బజారు ఊడ్చాం, బడి గోడకి రంగులేశాం, ర్యాలీ తీశాం, గ్రూప్ ఫొటో దిగాం. ఆరో రోజు సాయంత్రం నీళ్ల ట్యాంకు దగ్గర ఒక పెద్దావిడ అడిగింది: "మా తండా వైపు ఒక్కళ్లన్నా రాలేదేం బాబూ?"

జవాబు చెప్పలేకపోయాం. అటు ఒక తండా ఉందని మాలో చాలామందికి తెలీనే తెలీదు.

అప్పట్నుంచి నాకు ఉన్నవ లక్ష్మీనారాయణ గారు గుర్తొస్తున్నారు. మనకి ఆయనంటే 'మాలపల్లి' రాసినాయన, పరీక్షలో ఒక బిట్టు, అంతే. కానీ ఆయన మన పక్కూరాయనే. 1877లో అప్పటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టారు. బారిస్టరు చదివారు. పల్నాటి రైతులు పుల్లరికి ఎదురు తిరిగినప్పుడు వాళ్ల పక్షాన నిలబడి జైలుకెళ్లారు. 1922లో భార్య లక్ష్మీబాయమ్మ గారితో కలిసి గుంటూరులో శారదా నికేతనం పెట్టి, ఆడపిల్లలకి చదువుతో పాటు చేతిపనులూ నేర్పించారు. దళిత కుటుంబాన్ని కథ నడిమధ్యన నిలబెట్టిన ఆయన నవలని అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది.

ఆయన దగ్గర నేర్చుకోవాల్సినవి నాకు రెండు కనిపిస్తాయి. తేలిగ్గా అందేవాళ్లతో కాదు, అందరూ వదిలేసిన వాళ్లతో మొదలుపెట్టారు. మొదలుపెట్టి వెళ్లిపోలేదు, ఒక సంస్థని నిలబెట్టారు.

"ఏడు రోజుల్లో ఇంతకన్నా ఏం చేస్తాం?" అంటారు మనోళ్లు. నిజమే. కానీ ఎన్నెస్సెస్ అంటే ఏడు రోజులే కాదు కదా! రెండేళ్లలో 240 గంటలు. లెక్కేస్తే వారానికి రెండు గంటల పైచిలుకు. అదే ఊరికి మళ్లీ మళ్లీ వెళ్లడానికి అవి చాలు.

ఇంకోటి, టైము. మనం పొద్దున పదింటికి మీటింగ్ పెడతాం. జనవరిలో ఆ టైముకి కూలోళ్లంతా మిరపకోతల్లో ఉంటారు. "రాలేదు" అని మనం రిపోర్టులో రాస్తాం. రాలేని టైము పెట్టింది మనమే. సాయంత్రం ఏడింటికి పెడితే?

మన టీములోనూ అంతే. అమ్మాయిలకి ముగ్గులు, వంట. మైకు ఇంగ్లీషు బాగా వచ్చినోడికి. తండా నుంచే వచ్చి మనతో చదువుతున్న ఫ్రెండుని ఎక్కడికి వెళ్దామని ఒక్కసారైనా అడిగామా? అందర్నీ కలుపుకోవడం ఊళ్లో కన్నా ముందు మన బస్సులో మొదలవ్వాలి.

అందుకే ఈసారి క్యాంపుకి వారం ముందే నలుగురం వెళ్లి ఊరంతా, ఆ చివరిదాకా, నడిచొద్దాం. ఏం కావాలో వాళ్లనే అడుగుదాం. రంగుల డబ్బాలు తర్వాత కొనొచ్చు.

ఆ పెద్దావిడకి మనం ఒక జవాబు బాకీ ఉన్నాం.